అగ్గిపెట్టె మైకు

విజయనగరంలో గోనెసంచుల వ్యాపారం చేసే రంగనాథం ఆ బుధవారం పొద్దున్న ఇడ్లీలు తింటూ భార్యకు ఆ రోజు కార్యక్రమం చెప్పాడు. తొమ్మిదింటికి కొట్టు తీయాలి. పదింటికి నెల్లిమర్ల మిల్లు నుంచి వచ్చే సంచుల బండి దింపించాలి. పదకొండింటికి ఒక మైకు కొనాలి. పన్నెండింటికి భోజనానికి రావాలి.

"మైకేటి మనకి? ఎలక్షన్లలో నిలబడతన్నారేటి?" అంది కన్యాకుమారి.

"శనివారం నరసింగరావు మాస్టారి కచేరీ ఉన్నాది కదా, రికార్డు చెయ్యాలి. ఆయనకిదే ఆఖరి కచేరీట. వేళ్ళు మాట వినడం లేదంటన్నారు."

కన్యాకుమారి మరో ఇడ్లీ వేసింది. ఈ విషయంలో మొగుడితో వాదించి లాభం లేదని ఆమెకు పెళ్ళయిన మొదటి వారంలోనే తెలిసింది. నరసింగరావు మాస్టారు నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఫిడేలు వాయిస్తున్నారు. ఇప్పుడు డెబ్భై ఒకటి. రంగనాథానికి సరిగమలు కూడా పలకవు గాని, పదిహేనో ఏట నుంచి ఆయన కచేరీ ఒక్కటి తప్పలేదు. మాస్టారి వాయింపు ఒక్కటంటే ఒక్కటి కూడా రికార్డయి లేదని అతనికి బెంగ. అందుకే కిందటి నెల కలకత్తాకు బదిలీ అయి పోతున్న మిల్లు ఇంజనీరు దగ్గర ఒక టేపు రికార్డరు కొన్నాడు. సూట్‌కేసంత పెట్టె, మీద గిరగిర తిరిగే రెండు చక్రాలు. అన్నీ బాగున్నాయి గాని దాని మైకు ఎప్పుడో విరిగిపోయింది.

మాస్టారు ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. "రికార్డు చేసుకో, నాకేటి పోయింది. గాని నా మొహం ముందు గొట్టం నిలబెట్టీసేవంటే ఫిడేలు పెట్టెలో పెట్టుకుని ఇంటికెళిపోతాను. గొట్టం చూస్తే నాకు ఉపన్యాసం గుర్తొస్తాది గాని రాగం గుర్తురాదు."

కాబట్టి మైకు చిన్నదిగా ఉండాలి. చవగ్గా ఉండాలి. బాగా వినాలి. ఈ మూడూ ఒకే చోట దొరకడం ఎంత కష్టమో పదకొండు గంటలకు గణపతిరావు కొట్లో తెలిసింది.

గణపతిరావు పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకుసెట్లు అద్దెకిస్తాడు. బల్ల మీద గుడ్డ పరిచి, నగలు చూపించినంత భక్తిగా మూడు మైకులు పెట్టాడు. "చూడు బావా. ఇది డైనమిక్కు. చీమ నడిచినా పట్టుకుంటాది. తొంభై రూపాయలు."

అది జానెడు పొడుగుంది. రంగనాథం దాన్ని చేత్తో ఎత్తి, మాస్టారి మొహం ఊహించుకుని, కింద పెట్టేశాడు. రెండోది పాత టెలిఫోను లోంచి ఊడదీసిన బిళ్ళ. ఆరు రూపాయలు. దాన్లో మాట్లాడితే ఎవరి గొంతైనా పైఊరి నుంచి ట్రంకాలు చేసి చావు కబురు చెప్పినట్టుంటుంది. మూడోది తెల్లటి ప్లాస్టిక్ డబ్బీ, అచ్చం అగ్గిపెట్టె సైజు. వెనక సన్నటి తీగ.

"ఇది క్రిస్టల్ మైకు. పద్దెనిమిది. లోపల ఉప్పు లాంటి స్ఫటికం ఉంటాది బావా, సుకుమారం. తేమ పడదు, వేడి పడదు. రెండ్రోజులు వాడి చూడు, నచ్చితేనే డబ్బులియ్యి."

రంగనాథం అగ్గిపెట్టె మైకును జేబులో వేసుకున్నాడు. పన్నెండు దాటి చాలాసేపైంది.

మర్నాడు పరీక్ష. ఆ ఊరి కచేరీ హాల్లో ఎంత గోల ఉంటుందో బజార్లోనూ అంతే ఉంటుంది. అసలు తేడా లేదు; హాల్లో కూర్చునేది బజారే. ముందు వరసలో మిరపకాయల ధర, రెండో వరసలో నూనె ధర, వెనక వరసల్లో సంబంధాలు. వాటి మధ్య మాస్టారి ఫిడేలు తప్పిపోయిన పిల్లాడిలా దారి వెతుక్కుంటూ ఉంటుంది. ఆ గోలలో ఈ మైకు ఏపాటి వింటుందో చూడాలని రంగనాథం దాన్ని కొట్లో సంచుల దొంతర మీద పెట్టి, రికార్డరు బల్ల కింద తిప్పి వదిలి, రైలు రసీదు పనిమీద స్టేషనుకు పోయాడు.

తిరిగొచ్చి, టేపు వెనక్కి తిప్పి, పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. వినపడలేదనిపించి రికార్డరు గొంతు పెంచాడు. ఇంకాస్త పెంచాడు. కొట్లో చిరుగుసంచులు కుట్టే దాలమ్మా, బండి తోలే ఎర్రన్నా మాట్లాడుకున్న మాటలు గంట కొట్టినట్టు మోగాయి.

"ఒరే ఎర్రన్నా, నగరేస్సర్రావు బాబు కొట్లో మిరప్పళ్ళు కొనీకురా."

"ఏటే, ఏటయింది?"

"తెల్లారగట్ల బస్తాల మీద సెంబుతో నీళ్ళు సల్లుతాడు. నా కల్లారా సూసేను."

"ఎందుకేటి?"

"తూకానికి రా, ఎర్రోడా!"

రంగనాథం మొహం వెలిగిపోయింది. మాటల్లో విషయం అతని బుర్రకెక్కలేదు. స్పష్టత ఒక్కటే ఎక్కింది. దాలమ్మ సూది సంచిలో దిగిన చప్పుడు కూడా వినిపించింది! అతను తలెత్తేసరికి గుమ్మంలో నగరేశ్వరరావు నిలబడి ఉన్నాడు. పక్క కొట్టు మిర్చి వర్తకుడు, కచేరీ కమిటీ కార్యదర్శి. హాలుకు చాపలెన్ని కావాలో అడగడానికి వచ్చిన మనిషి గోడ పట్టుకున్నాడు.

"ఎలగుంది? ప్రతి ముక్కా వినపడతన్నాది కదా?" అన్నాడు రంగనాథం సంబరంగా.

"వినపడింది," అన్నాడు నగరేశ్వరరావు.

"పట్టుకున్నదేటో తెలుసా? ఇది!" అని అగ్గిపెట్టె మైకు అరచేతిలో పెట్టి చూపించాడు. "ఎక్కడెట్టినా ఎవరికీ తెలీదు."

"ఎవరి కోసం, రంగనాథం, ఇదంతా?"

"నా ఒక్కడి కోసమేటి? నలుగురూ వినాలి. విశాఖపట్నంలో ఆఫీసులో తెలిసినాయన ఉన్నాడు, ఆయనకీ పంపుతాను. బాగుంటే పైవాళ్ళకి వినిపిస్తానన్నాడు." రంగనాథం మనసులో ఉన్నది రేడియో ఆఫీసు. ఆ మాట విడిగా చెప్పాలని అతనికి తోచలేదు.

నగరేశ్వరరావు టేపు చక్రం వైపు వేలు చూపించాడు. "ఇది పంపీసేవేటి?"

"ఇదా? ఇది ఉత్త పరీక్ష. అసలుది శనివారం హాల్లో. బజారంతా వస్తాది కదా. రెండు గంటల టేపు తెప్పించి ఉంచేను."

"మనది పాతికేళ్ళ స్నేహం రా."

"అందుకే మరి! పాతికేళ్ళ నుంచీ చూస్తన్నాం, ఇప్పుడేనా చెయ్యకపోతే ఇంకెప్పుడు చేస్తాం?"

నగరేశ్వరరావు చాపల మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం అతని మనిషి నాలుగు బస్తాల మిరపకాయలను ఎండలో ఆరబోశాడు.

సాయంత్రానికి కబురు బజారంతా పాకింది. రంగనాథాన్ని తూకాలూ కల్తీలూ పట్టే ఇన్‌స్పెక్టర్లు నియమించారనీ, అతని దగ్గర అగ్గిపెట్టె ఒకటుందనీ, అది వంద గజాల దూరం వింటుందనీ, అన్న మాట అన్నట్టు విశాఖపట్నం పోతుందనీ చెప్పుకున్నారు. చెప్పుకోవడం కూడా చెవిలో చెప్పుకున్నారు.

శుక్రవారం పొద్దున్న టీ బడ్డీ బల్ల మీద ఎవడో అగ్గిపెట్టె మరిచిపోయి పోయాడు. అరగంట సేపు టీ తాగేవాళ్ళంతా రోడ్డుకు అవతల నిలబడి తాగారు. చివరికి బడ్డీవాడు దాన్ని పటకారుతో పట్టుకుని కుండలోని నీళ్ళలో ముంచాడు. ఎదుటి నూనె వర్తకుడు, రంగనాథం తన కొట్టు ముందు నుంచి పోతుంటే, బేరగాడితో పాఠ్యపుస్తకం చదివినట్టు అన్నాడు: "అయ్యా, ఈ నువ్వులనూనె పరిశుద్ధమైనది. ఇందులో ఏ విధమైన కలయికయును లేదు." ఆ బేరగాడు అతని సొంత బావమరిది. దాలమ్మ మూతికి కొంగు చుట్టుకుని, తలెత్తకుండా ఇరవై సంచులు ఎక్కువ కుట్టింది.

ఇంటి దగ్గర కన్యాకుమారికి మరో చిక్కు. ఇరుగమ్మలెవరూ గుమ్మం తొక్కడం లేదు. పాలమ్మే జగ్గమ్మ మాత్రం వచ్చి, పాలు పోసి, వంటింటి గూట్లో ఉన్న అగ్గిపెట్టె వైపు తిరిగి, చేతులు జోడించి గట్టిగా అంది: "నీళ్ళు కలిపిన మాట నిజిమే బాబూ. దూడకి జబ్బు సేసిన ఆ వారం రోజులే. తరవాత కలపలేదు. అమ్మతోడు, పావు సెంబు కంటే కలపలేదు."

"ఎవరితో మాటాడతన్నావే?" అంది కన్యాకుమారి బిత్తరపోయి.

"ఎవులితో కాదమ్మా," అని జగ్గమ్మ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయింది.

కన్యాకుమారి మధ్యాహ్నం ఈ సంగతి చెబితే రంగనాథం అన్నం కలుపుతూ ఆగిపోయాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. "బజార్లో కూడా ఎవరూ నోరెత్తడం లేదే. నాకిప్పుడర్థమయింది. మాస్టారి ఆఖరి కచేరీ అని ఊరంతా బెంగపెట్టుకున్నాది. పైకి బండల్లా కనిపిస్తారు గాని మనవాళ్ళ మనసులు వెన్న."

ఆ సాయంత్రం సన్నగా వాన మొదలైంది. రంగనాథం మైకును పాత రుమాల్లో చుట్టి భార్య చేతికిచ్చాడు. "జాగ్రత్తగా దాచు. దీనికి తేమ తగిలిందంటే పని అయిపోయినట్టే." గణపతిరావు చెప్పిన రెండు జాగ్రత్తల్లో అతనికి గుర్తున్నది వాన వల్ల గుర్తొచ్చినదొక్కటే.

కన్యాకుమారి ఇల్లంతా తిరిగి చూసింది. బీరువాలో బట్టలు చల్లగా ఉన్నాయి. దేవుడి గూట్లో గోడ చెమరుస్తోంది. ఆ ఇంట్లో తేమ లేని చోటు ఒక్కటే. మొగుడు ప్రాణం పెట్టుకున్న వస్తువు కదా అని, ఆమె దాన్ని రేకు డబ్బాలో పెట్టి, మూత బిగించి, పొయ్యి గట్టు మీద నిప్పుల పక్కన భద్రంగా ఉంచింది. పొద్దున్నకి వడియంలా పొడిగా ఉంది.

శనివారం కచేరీ ఆరింటికి. అయిదున్నరకే హాలు నిండిపోయింది. మాస్టారి కచేరీకి అరవై మంది వస్తే గొప్ప. ఆ రోజు మూడు వందల మంది వచ్చారు. రాకపోతే అనుమానం తమ మీదికి వస్తుందని ప్రతి వర్తకుడూ కొట్టు కట్టేసి వచ్చాడు. వాళ్ళ భార్యలూ వచ్చారు. మాస్టారి ముందున్న పూల సజ్జలో, బంతిపూల అడుగున, అగ్గిపెట్టె మైకు దాగి ఉంది. తీగ చాప కిందుగా తెర వెనక్కి పోయింది. తెర వెనక రంగనాథం.

మాస్టారు ఫిడేలు శ్రుతి చేసుకుని, అలవాటుగా కాసేపు ఆగారు. గోల తగ్గాక మొదలుపెడదామని. తగ్గడానికి గోల లేదు. ఆయన జనం వైపు చూశారు. మూడు వందల మంది నోళ్ళు బిగించి ఆయన్నే చూస్తున్నారు. ఒకాయనకి దగ్గు వస్తే కండువా మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. మాస్టారు మృదంగం వాయించే అతని వైపు చూశారు. అతను భుజాలెగరేశాడు.

వర్ణం వాయించారు. ఎవరూ కదల్లేదు. చిన్న కీర్తన వాయించారు. ఎవరూ పక్కవాడి చెవిలోకి వంగలేదు. అప్పుడు మాస్టారి కళ్ళల్లో ఏదో మారింది. ఏళ్ళ తరబడి ఆయన గోలకు పైన వినిపించాలని కమానును తీగల మీద అదిమి అదిమి వాయించేవారు. ఇప్పుడు చెయ్యి వదులు చేశారు. కాంభోజి రాగం ఎత్తుకున్నారు, గాలి తగిలితే తీగ పలికినంత మెల్లగా. ఆ మెల్లని స్వరం వెనక వరస దాకా నడిచి వెళ్ళి అక్కడ నిలబడింది. పావుగంట ఆలాపన అనుకున్నది ముప్పావుగంట సాగింది. మాట వినడం లేదన్న వేళ్ళు పాతికేళ్ళ కుర్రాడి వేళ్ళలా పరిగెత్తాయి.

భయంతో నోరు మూసుకున్నవాళ్ళు కొంతసేపటికి ఎందుకు మూసుకున్నారో మరిచిపోయారు. నూనె వర్తకుడు కళ్ళు తుడుచుకున్నాడు. వెనక గుమ్మం దగ్గర ఎర్రన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తెర వెనక రంగనాథం చక్రాలు తిరగడం ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరవలేదు. రికార్డరు మీద శబ్దాన్ని చూపించే పచ్చదీపం కొలత చూడాలని గణపతిరావు చెప్పాడు. కాంభోజి మోగుతుంటే దీపాన్నెవడు చూస్తాడు?

కచేరీ అయ్యాక నగరేశ్వరరావు వందన సమర్పణకు లేచాడు. మాస్టారికి రెండు మాటలు చెప్పి, పూల సజ్జ వైపు వంగి, గొంతు పెంచాడు. "చివరగా ఒక్క మనవి. మా కొట్లో మిరపకాయలు పూర్తిగా పొడిగా ఉన్నాయని, ఎవరు విన్నా, ఎక్కడ విన్నా, గమనించ ప్రార్థన."

మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఆ మాటతో మిగతావాళ్ళకీ భయం గుర్తొచ్చింది. అప్పుడే తెర వెనక నుంచి రంగనాథం కళ్ళు మెరుస్తూ బయటికి వచ్చాడు. "అందరూ కూర్చోండి! ఇప్పుడే వినిపిస్తాను!"

ఎవరూ కూర్చోలేదు, ఎవరూ పోలేదు. టేపు వెనక్కి తిరిగింది. రంగనాథం మీట నొక్కాడు. "స్‌స్‌స్‌..." అంది. రికార్డరు గొంతు పెంచాడు. "స్‌స్‌స్‌..." అని ఇంకా గట్టిగా అంది. ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కాంభోజి ఉండాల్సిన చోట పెనం మీద నీళ్ళు చల్లిన చప్పుడు తప్ప మరేం లేదు.

"ఏటీ పడలేదా?" అన్నాడు నగరేశ్వరరావు.

"పడలేదు," అన్నాడు రంగనాథం.

"మా మిరప్... ఏ మాటా పడలేదా?"

"ఫిడేలే పడకపోతే మాటలేటి పడతాయి? రేడియోవాళ్ళకి పంపిద్దామనుకున్నాను. మాస్టారి పేరు విశాఖపట్నం దాకా వినిపిద్దామనుకున్నాను."

"రేడియోవాళ్ళా! ఇన్‌స్పెక్టర్లు కాదేటి?"

"ఇన్‌స్పెక్టర్లకి కాంభోజి ఎందుకు?"

రెండ్రోజులుగా బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి హాల్లో పడ్డాయి. మిరపకాయలు, నూనె, సంబంధాలు, కోర్టు వాయిదాలు... అందరూ ఒకేసారి మాట్లాడారు, అందరూ నవ్వారు. జగ్గమ్మ తను అనవసరంగా ఒప్పేసుకున్నందుకు తిట్టుకుంది. ఆ సందట్లో గణపతిరావు వచ్చి, డబ్బీ విప్పి, లోపల చూసి నాలిక చప్పరించాడు. "స్ఫటికం కరిగిపోనాది బావా. నిప్పు దగ్గరెట్టేవేటి?"

ఆడవాళ్ళ వరసలోంచి కన్యాకుమారి సన్నని గొంతుతో అంది, "తేమ తగలకూడదన్నారు కదా అని పొయ్యి గట్టు మీదెట్టేను."

రంగనాథం భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. "నువ్వేటి చేస్తావు? వేడి మాట చెప్పనిది నేను," అని మాత్రం అని, పూల సజ్జ పక్కనే చతికిలబడ్డాడు. ముప్పావుగంట కాంభోజి! ఇక లేదు.

మాస్టారు మెల్లగా వచ్చి అతని పక్కన కూర్చున్నారు. అసలు సంగతంతా అప్పటికి ఎర్రన్న ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన భుజాలు ఇంకా నవ్వుతో కదులుతున్నాయి.

"నా వేళ్ళు అయిపోయాయనుకున్నాను రా. వేళ్ళకేటీ కాలేదు. వీళ్ళ గోల మీద గెలవాలని నొక్కి నొక్కి బిగుసుకుపోయాయి. ఇవాళ తెలిసింది. ఇంకో నాలుగేళ్ళు వాయిస్తాను."

"గాని ఈ కాంభోజి పోయింది కదా మాస్టారూ."

"పోనీ. డబ్బాలో పట్టుకుందామనుకున్నావు, దొరకలేదు. చేత్తో పట్టుకో. సోమవారం నుంచి పొద్దున్నే రా, నేర్పుతాను."

"నాకు నలభై నాలుగు!"

"నాకు డెబ్భై ఒకటి. ఎవరు తొందరపడాలో నువ్వే చెప్పు."

సోమవారం రంగనాథం మాస్టారి పాత ఫిడేలు ఒకటి చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి ప్రతి ఉదయం వీధరుగు మీద చాప వేసుకుని, కళ్ళు మూసుకుని, రెండు గంటల సేపు శ్రద్ధగా సాధన చేయడం మొదలుపెట్టాడు. పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ కన్యాకుమారి తల ఊపేది.

నెల తిరక్కుండా ఆ వీధిలో మూడిళ్ళకు 'అద్దెకు ఇవ్వబడును' అనే బోర్డులు వేలాడాయి.